నీళ్ళమీద పండుకునే పాఠం

సర్కారువారు ఖాతూన్ టీచరమ్మను పనిలో పెట్టుకున్నది పిల్లలకు కుట్టు నేర్పమని. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, జాకెట్టు కత్తిరించడం, చేతిరుమాలు మూలన గులాబీ పువ్వు వేయడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఆ పనీ బాగానే చేసింది, లేదని ఎవరంటారు? పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆమె చేతికింద నేర్చుకుని మిషను తొక్కుకుంటున్న ఆడపిల్లలు ఊరికొకరున్నారు. కానీ ఆమె పేరెత్తితే జనం నోట మొదట వచ్చేది కుట్టు కాదు. "యా ఖాతూన్? నీళ్ళ టీచరమ్మేనా?" అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె తండ్రి మస్తాన్ సాబ్ బావులు తవ్వే మేస్త్రి. కుప్పం నుంచి మదనపల్లె దాకా బండ పగలేసే తన తూటా పేలని పొలం లేదని చెప్పుకునేవాడు. అందులో సగం కోతలే, అయినా మిగతా సగం నిజం. బావిలో నీళ్ళు పడిన రోజు రైతు కొత్త పంచె పెడితే, సాబ్ దాన్ని భుజాన వేసుకుని, కూతుర్ని చంకనెత్తుకుని మెట్లు దిగేవాడు. అందరూ పిల్లల వీపుకు తేలడానికి మునగబెండు కట్టి కాళ్ళూ చేతులూ కొట్టమంటే, ఈయన మాత్రం ముందుగా వెల్లకిలా పండుకోవడం నేర్పాడు. "నీళ్ళమీద పండుకున్నోణ్ణి నీళ్ళు మోస్తాయి బేటీ, నిలబడినోణ్ణి మింగుతాయి" అనేవాడు. సాయిబుల ఇంట ఆడపిల్లకు బావిలో ఈతేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వేలు అట్లే పెట్టుకోండి, నీళ్ళలో దిగేటప్పుడు పనికొస్తాది అన్నాడట సాబ్. ఆ తండ్రికి తగ్గ కూతురు కాబట్టే ఈ కథ ఉంది.

తొంభై రెండులో ఆమెకు మొదటి పోస్టింగు రామకుప్పం వైపు పడింది. ఏనుగులొచ్చి రాగిచేలు తొక్కిపోయే ఊరు. పెళ్ళయిన కొత్త. భర్త అబ్దుల్ సత్తార్ పుంగనూరు బజారువీధిలో టైలరు. ఏనుగుకు జాకెట్టు కొలత తీసుకురమ్మని భార్యను ఏడిపించేవాడు. ఏనుగులు ఆమెనేమీ చేయలేదు. చేసిందల్లా మోకాలి లోతు ఉందనుకున్న ఒక కుంట. ఆదివారం గుడ్డలుతకడానికి పోయిన ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతి జారింది. దాన్ని పట్టుకోబోయి రెండోది, రెండోదాన్ని లాగబోయి మూడోది. ముగ్గురూ ఆమె కుట్టు క్లాసు పిల్లలే. సోమవారం బడికి పోయి బీరువా తెరిస్తే వాళ్ళు సగం కుట్టిన రుమాళ్ళు సూదులతో సహా అట్లే ఉన్నాయి. ఖాతూన్ ఏడ్చింది. ఏడుపు కంటే ఎక్కువగా కోపం వచ్చింది. తనకు చిన్నప్పుడే తెలిసిన ఒక్కమాట ఆ పిల్లలకు చెప్పి ఉంటే ముగ్గురిలో ఇద్దరైనా ఇంటికి వచ్చేవాళ్ళు గదా అని. ఆ వారం నుంచే కుట్టు పీరియడులో నీళ్ళపాఠం మొదలుపెట్టింది.

తర్వాత ఆమెకు పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో బండకిందపల్లె హైస్కూలుకు బదిలీ అయింది. చెప్పొద్దూ, అక్కడ నీళ్ళపాఠం చెప్పాలంటే నీళ్ళే లేవు. కరువు. బావులు ఎండి, వాటిలో కంపచెట్లు మొలిచాయి. ఊరి చెరువు ఎంత ఎండిందంటే మదనపల్లె ఇటుకబట్టీలవాళ్ళు ట్రాక్టర్లు దించి అడుగుమట్టి తవ్వుకుని పోతున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నీళ్ళు లేని ఊళ్ళో ఈత నేర్పుతానంటుందే ఈ టీచరమ్మ అని సాటి అయ్యవార్లు నవ్వారు. ఖాతూన్ పట్టించుకోలేదు. బడి వరండాలో చాపలు పరిచి పిల్లల్ని వరసగా వెల్లకిలా పండుకోబెట్టింది. గడ్డం పైకి, చెవులు నీళ్ళలో ఉన్నట్టు అనుకోవాలి, చేతులు చాపాలి, కడుపు నిండా గాలి పీల్చాలి, కదలకూడదు, అరవకూడదు.

"నీళ్ళలో పడినోళ్ళు యాల మునుగుతారు? నిలబడాలని సూస్తారు. అమ్మా అని అరుస్తారు. అరిస్తే గాలి పోతాది, నీళ్ళు వస్తాయి. ఎవురు పిలిచినా పలకాకండి. మీ అమ్మ పిలిచినా పలకాకండి" అని చెప్పేది.

పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? పాఠం పేరుతో పండుకోవచ్చు. కొందరు నిజంగానే గురక పెట్టేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం తిమ్మక్క అనే ఆవిడ కూతురు రోజాకు సద్దిగిన్నె తీసుకుని బడికొచ్చింది. రెండావుల పాలు డెయిరీకి పోసుకుని బతికే మనిషి. భర్త లేడు. వరండా మెట్టెక్కి చూస్తే ఏముంది? ఆరో తరగతి పిల్లలంతా చేతులు చాచుకుని, కళ్ళు తెరుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా వరసగా పడున్నారు. చివరన తన రోజా. గిన్నె చేతిలోంచి జారింది. తిమ్మక్క పెట్టిన కేకకు ఊరు ఊరంతా బడిలో పడింది.

"ఏంది టీచరమ్మా ఇది? బతికుండే బిడ్డల్ని పీనుగుల మాదిరి పండుకోబెడ్తాండావే, నీకు బిడ్డలు లేరా?"

"పీనుగు గాదక్కా, ఇది తేలే పాఠం..."

"తేలేదా! తేలేది ఎవురో నాకు చెప్పొద్దు. తేలింది నేను సూసినాను!"

ఆ మాట దేన్ని గురించో వచ్చినవాళ్ళందరికీ తెలుసు. తొంభై ఆరు వానల్లో చెరువుకు కాసిని నీళ్ళొచ్చినప్పుడు తిమ్మక్క కొడుకు ప్రదీప్ బట్టీలవాళ్ళు తవ్విన ఒక గుంతలో జారాడు. మూడో తరగతి పిల్లవాడు. మునిగిన పిల్లవాడు తర్వాత తేలాడు, చేతులు చాచుకుని. ఆ ఊళ్ళో బిడ్డ పడుకుని చేతులు చాపితేనే ముసలివాళ్ళు చప్పున పక్కకు ఒత్తిగిలబెడతారు. అట్లా పండుకునేది పీనుగేనని వాళ్ళ పట్టింపు. అందులోనూ తిమ్మక్క కళ్ళ ముందే అంతమంది బిడ్డల్ని పండుకోబెడితే ఆమె గుండె ఎట్లా తట్టుకుంటుంది?

హెడ్మాస్టరు ఆదినారాయణ మంచివాడు, కానీ గాలి వీస్తే కిటికీ మూసే రకం. "కరువుతో చస్తాంటే గోరుచుట్టు మీద రోకటిపోటు మాదిరి ఇదొకటేంది టీచరమ్మా? బడిలో మాత్రం వద్దు" అన్నాడు. బడిలో వద్దన్నాడు గానీ బయట వద్దనలేదు గదా అని ఖాతూన్ అర్థం చేసుకుంది. ఆమెకు పనికొచ్చే మాటలు మాత్రమే వినబడే చెవులున్నాయి, అది ఆమె ఇంట్లో సత్తార్‌కు బాగా తెలుసు.

ఊరి పక్కన రెడ్డెప్ప అనే పెద్దరైతుకు టమాటా తోట ఉంది. బోరు నీళ్ళు నింపుకోవడానికి సిమెంటు తొట్టి కట్టించుకున్నాడు. నిండుగా నింపితే పెద్దవాళ్ళకు రొమ్ము లోతు ఉంటుంది. ఖాతూన్ పోయి అడిగితే, "మా మనవడికి గూడా నేర్పుతావా అమ్మా? అయితే దించుకో. మొక్కలు మాత్రం తొక్కనీయాకు" అన్నాడు. శనివారం మధ్యాహ్నాలు అక్కడ పాఠం మొదలైంది. తేలడం ఒక సగం. మిగతా సగం గట్టుమీద ఉన్నవాళ్ళకు. ఎవరైనా మునుగుతుంటే వెనకాలే దూకకూడదు. ప్లాస్టిక్ బిందె మూతికి గుడ్డ బిగించి కట్టాలి, బిందె మెడకు వోణీలు ముడేసి తాడు చేయాలి, బిందె విసరాలి, గట్టుమీద బోర్లా పండుకుని లాగాలి. వోణీ తడిస్తే కొడతారు టీచర్ అని హీనా అనే పిల్ల గొణిగితే, "వోణీ తడిస్తే ఆరేస్తారు. నువ్వు తడిస్తే ఎట్ల ఆరేస్తారే?" అని మొట్టికాయ వేసింది.

ఒక్కొక్కరే తల్లులు ఒప్పుకున్నారు. తిమ్మక్క మాత్రం ససేమిరా అంది. రోజా తోట కంచె పట్టుకుని బయటే నిలబడేది. ఆ పిల్ల ముఖం చూస్తే ఖాతూన్‌కు అన్నం సహించేది కాదు. ఊళ్ళో మిగతా పిల్లలంతా ఒకెత్తు, ఈ ఒక్క పిల్ల ఒకెత్తు అయిపోయింది. ఒక ఇంట్లో ఒకసారి నీళ్ళు బిడ్డను తీసుకున్నాక రెండోబిడ్డకు నేర్పకపోతే, ఇంక తాను ఎవరికి నేర్పినట్టు? సాయంత్రం బస్సు వచ్చేలోపు రోజూ తిమ్మక్క కొట్టం దగ్గరికి పోయి కూర్చునేది. తిమ్మక్క పాలు పితుకుతూ ఉండేది, మాట్లాడేది కాదు. ఆవుకు మాత్రం చెప్పేది.

"సూస్తాండావా గౌరీ, మళ్ళా వచ్చింది. దీనికి వేరే పని లేదు."

"ఉండాది గౌరీ. ఈయమ్మ కూతుర్ని బతికించుకునే పని ఉండాది" అని ఖాతూన్ కూడా ఆవుకే చెప్పేది.

ఇట్లా ఆవు మధ్యవర్తిగా ఏడాది పైన గడిచింది. ఆ ఏడాదిలో ఖాతూన్‌కు గొడ్డు జబ్బులన్నీ తెలిశాయి, తిమ్మక్క చిరిగిన రవికలన్నీ బాగుపడ్డాయి. చివరికి ఒక సాయంత్రం తిమ్మక్క పాలచెంబు కింద పెట్టి, మొదటిసారి ఆవువైపు కాక మనిషివైపు తిరిగింది.

"నడుము లోతుకే దించల్ల. బిందె విసిరేది, లాగేది అన్నీ నేర్పుకో. పండుకోబెట్టేది మాత్రం వద్దు. నా బిడ్డను నీళ్ళమీద పండుకోబెట్టనని మీ నాయన మీద ఒట్టెయ్."

ఖాతూన్ ఒట్టు వేసింది. అసలు పాఠం వదిలేసి తోకను నేర్పినట్టే. అయినా ఏమీ లేనిదానికంటే నయం గదా అనుకుంది. ఒట్టు నిలబెట్టుకుంది కూడా. పిల్లలంతా వెల్లకిలా తేలుతుంటే రోజాను చేయి పట్టుకుని తొట్టి మూలన నిలబెట్టేది.

రెండువేల ఐదు. ఆ ఏడు వానలు ఎట్లా కురిశాయో ఆ పక్క ఎవరినడిగినా చెప్తారు. ఏళ్ళ తరబడి ఎండిన చెరువు కార్తీకానికి నిండి మొరవ పారింది. అంటే కట్ట చివరి రాతిగట్టు మీదుగా నీళ్ళు పొర్లిపోయాయి. చెరువు మొరవ పారితే గంగమ్మకు పూజ చేయాలి. ఆ ఊరి పసిబిడ్డలకు అది కొత్త, పెద్దలకు మరిచిపోయిన పండుగ. పలక డప్పులు మోగాయి, పొట్టేలు తెగింది. ఆడవాళ్ళు పసుపు కుంకుమ పళ్ళేలు పట్టుకుని నీళ్ళలోకి దిగి గంగమ్మకు రవికగుడ్డ వదలాలి. టీచరమ్మ లేకుండా పూజేమిటని కబురు పెడితే ఖాతూన్ కూడా వచ్చి కట్టమీద నిలబడింది.

"రెడ్డెప్పన్నా, ఆ పక్కకు దించాకండి. ఆడ ట్రాక్టర్లతో మట్టి తవ్వుకుపోయినారు గదా" అంది.

"యాడమ్మా? ఆ రాతిపక్కనా?" రెడ్డెప్ప మీసం తిప్పి నవ్వాడు. "నేను ఈ చెరువులో ఎనుముల తోక పట్టుకుని ఈదినోణ్ణి. ఆడ మోకాలి లోతే. మా తాత కాలం నుంచీ అంతే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రాతిపక్కన ఎప్పుడూ మోకాలి లోతే. ఆ ట్రాక్టర్లను కూడా ఆయన రోజూ చూశాడు, ఊరంతా చూసింది. గుంతలు తవ్వుతుంటే చూసినవాళ్ళే, తిమ్మక్క కొడుకును ఎత్తుకొచ్చినవాళ్ళే. కానీ చెరువు నిండి కళకళలాడేసరికి అందరి కళ్ళకూ చిన్ననాటి చెరువే కనబడింది. నిండిన చెరువు ముందు ఎవరికీ గుంతలు గుర్తురావు, ఏం చేస్తాం. తిమ్మక్క కూడా దిగింది. ఊరిమీదికి నీళ్ళొచ్చిన రోజు గంగమ్మతో పంతం పెట్టుకోకూడదని కళ్ళు తుడుచుకుని పళ్ళెం పట్టింది. వెనకాల రోజా, చేతిలో దీపం. తొమ్మిదో తరగతి పిల్ల, కొత్త లంగావోణీ.

తల్లి రవికగుడ్డ వదిలి వెనక్కు తిరిగింది. ఆమెకు దారిస్తూ రోజా ఒక్క అడుగు పక్కకు వేసింది. అంతే. దీపం లేదు, పిల్ల లేదు.

పలకలు ఆగాయి. నీళ్ళు రెండు మూడు బుడగలు కక్కాయి. అప్పుడు రోజా పైకి వచ్చింది, నీళ్ళమీద వెల్లకిలా, చేతులు రెండూ చాచుకుని, గడ్డం ఆకాశానికి ఎత్తుకుని. కదలలేదు. మొరవకు పోయే నీళ్ళు ఆ పిల్లను మెల్లగా గట్టుకు దూరంగా తీసుకుపోతున్నాయి.

తిమ్మక్క చూసింది. ఆమె చూసింది కూతుర్ని కాదు, పాత పీనుగును. రొమ్ములు బాదుకుంటూ అక్కడికక్కడ శోకం ఎత్తుకుంది. "నా తల్లీ, నువ్వూ పోతివా! రోజా, పలకవే! ఒక్కసారి పలకవే!" ఆ పిలుపుకు రాయి కూడా పలుకుతుంది. రోజా పలకలేదు. రెడ్డెప్ప పంచె ఎగ్గట్టాడు. ఆయన వెనక ఇంకో నలుగురు మగవాళ్ళు దూకబోయారు.

"ఎవురూ దూకాకండి! దూకితే ఆ పిల్లను మునగదొక్కుతారు!" ఖాతూన్ కట్టమీదినుంచి జారుకుంటూ దిగింది. ముసుగు యాడ పోయిందో, చెప్పులు యాడ పోయాయో. రెడ్డెప్ప రొమ్ముకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "హీనా! బిందె!"

ఆడపిల్లలు అప్పటికే వోణీలు పీకి ముడులేస్తున్నారు. వయసొచ్చిన పిల్లలు నలుగురిలో వోణీ తీయడమేమిటని ఒక ముసలామె అనబోయి, తన కొంగు తానే నోట్లో కుక్కుకుంది. పూజకు తెచ్చిన ఖాళీ బిందె మూతికి రవికగుడ్డ బిగిసింది. ఖాతూన్ తిమ్మక్క గడ్డం పట్టుకుని ముఖం నీళ్ళవైపు తిప్పింది.

"ఏడవాకు అక్కా, సూడు! కడుపు సూడు! లేస్తాండాదా లేదా?"

తిమ్మక్క చూడలేక చూసింది. తడిసిన వోణీ కింద ఆ చిన్న కడుపు లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

మొదట విసిరిన బిందె అందలేదు. లాగి మళ్ళీ విసిరారు. ఈసారి రోజా భుజానికి తగిలింది. చాచిన చేయి వంగి బిందె మెడను చుట్టుకుంది. పిల్లలు గట్టుమీద బురదలో బోర్లా పడి లాగారు. వాళ్ళ కాళ్ళు పట్టుకుని మగవాళ్ళు కూర్చున్నారు. రోజాను ఒడ్డున వేసేసరికి అందరూ ఒకేసారి ఏడ్చారు. రెడ్డెప్ప అందరికంటే గట్టిగా ఏడ్చాడు.

దగ్గి, నీళ్ళు కక్కి, పిల్ల లేచి కూర్చుంది. తిమ్మక్క దాని చెంప మీద ఒక్కటి పీకి, ఆ వెంటనే గుండెకు అదుముకుంది.

"అంతగా పిలిస్తే యాల పలకలేదే పాపిష్టిదానా?"

"పలికితే గాలి పోతాదమ్మా. అమ్మ పిలిచినా పలకొద్దని టీచర్ చెప్పింది."

"నిన్ను ఎవురే పండుకోబెట్టింది? ఒట్టేసింది గదా ఈయమ్మ!"

రోజా బెదురుగా హీనావైపు చూసింది. టీచర్ గుడ్డలు పిండుకునేటప్పుడు, అటు తిరిగినప్పుడు, హీనా రోజా వీపుకింద చెయ్యి పెట్టి తేలబెట్టేదట. ప్రతి శనివారమూ! ఖాతూన్ హీనావైపు తిరిగింది. అరె, తన కళ్ళుగప్పిందా ఈ మూక! తిట్టబోయి, హీనా నెత్తిన ముద్దు పెట్టుకుంది.

తర్వాతి శనివారం తొట్టి దగ్గర పిల్లలు ఇంకా రాలేదు. తిమ్మక్క ఒక్కతే వచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగింది. ఖాతూన్ కూడా దిగింది.

"నన్ను పండుకోబెట్టు" అంది తిమ్మక్క.

"భయమైతే నా చెయ్యి పట్టుకో అక్కా."

వీపుకింద అరచేయి పెడితే ఆ ఒళ్ళు కట్టెలాగా బిగుసుకుపోయి ఉంది. గడ్డం ఎత్తమంది ఖాతూన్. చెవులు మునగనీ, ఏం గాదు. గాలి పీల్చు. కొంచెం కొంచెంగా ఒళ్ళు సడలింది. చేతులు రెండు పక్కలకూ చాచుకున్నాయి. ఖాతూన్ తన చేతిని మెల్లగా తీసేసింది. తిమ్మక్క తేలింది. నీళ్ళు ఆమెను మోశాయి. టమాటా తోటమీది ఎండలో కళ్ళు తెరుచుకుని చాలాసేపు అట్లే ఉంది.

"ఇంతేనా టీచరమ్మా?" అంది పైకే చూస్తూ.

"ఇంతే అక్కా."

"ఇంకేం చెయ్యబన్లేదా?"

"ఏం చెయ్యబన్లేదు."

తిమ్మక్క కళ్ళలోంచి కారిన నీళ్ళు చెవుల పక్కనుంచి తొట్టిలో కలిశాయి.

"ఇంత సులువైనది," అంది, "నా ప్రదీప్‌కి ఎవురూ చెప్పలేదే."

ఖాతూన్ మళ్ళీ వీపుకింద చేయి పెట్టి, ఆమె లేస్తాననే దాకా అట్లే పట్టుకుని నిలబడింది.